మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, వైర్‌లెస్ సెన్సర్లు: మొదటి నుంచి చివరిదాకా ఎలా పెట్టుకోవాలి

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఈ దృశ్యం చాలాసార్లు చూశాను. రైతు బాండు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదు) పట్టుకుని గుమస్తా ముందు నిలబడతాడు. పుస్తకంలో 3వ ఛాంబరు, రెండో అంతస్తు, 62 టిక్కీలు (మిర్చి బస్తాలు) అని ఉంటుంది. హమాలీలు లోపలికి వెళ్లి, టార్చి వేసి, గోనె మీద రంగుతో రాసిన లాటు నంబరు వెతుకుతారు. గంట తర్వాత 60 టిక్కీలు బయటికొస్తాయి. మిగిలిన రెండూ పక్క లాటులో కలిశాయో, అంతకుముందే వేరే లారీ ఎక్కాయో చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఆ రెండు టిక్కీల మిర్చి ఆ రైతుకు చిన్న విషయం కాదు.

రెండో బాధ చల్లదనం. మే నెలలో కరెంటు పోయి, జనరేటరు అందుకోవడం ఆలస్యమైతే ఛాంబరు ఎంతసేపు వేడెక్కిందో లాగ్ పుస్తకం చూస్తే తెలియాలి. కానీ చాలా పుస్తకాల్లో రాత్రి షిఫ్టు మొత్తానికి ఒకే అంకె ఉంటుంది. రంగు తగ్గాక తేజ మిర్చి రేటు ఎంత పడిపోతుందో యార్డులో నిలబడ్డవాళ్లకు తెలుసు.

టిక్కీ ఎక్కడుందో చెప్పడం ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే రీడర్ రేడియో తరంగంతో నంబరు చదివే ట్యాగుల పని. ఎంత చల్లగా ఉందో చెప్పడం వైర్‌లెస్ సెన్సర్ల పని. ఈ రెండిటినీ ఒకే గోదాములో ఎలా పెట్టుకోవాలో, ఏ ప్రమాణాలు పట్టించుకోవాలో వరసగా చెబుతాను. మిర్చి నాకు బాగా తెలిసిన ఉదాహరణ కాబట్టి దాన్నే పట్టుకుంటున్నాను. పసుపు గోదాముకైనా, మందుల గోదాముకైనా అడుగులు దాదాపు ఇవే.

మొదటి అడుగు: మీకు ఏం తెలియాలో రాసుకోండి

ఏ కంపెనీ ప్రతినిధినీ పిలవకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రతి టిక్కీ లెక్క కావాలా, లాటు లెక్క చాలా? లోపలికి వచ్చిందా, బయటికి వెళ్లిందా అన్నది చాలా, లేక ఏ అంతస్తులో ఏ వరసలో ఉందో కూడా కావాలా? ఉష్ణోగ్రత ఎన్ని నిమిషాలకోసారి కావాలి? హద్దు దాటితే రాత్రి రెండింటికి ఎవరి ఫోను మోగాలి? ఈ నాలుగింటికి జవాబు లేకుండా కొన్న సామాను మూలన పడుతుంది. లక్ష టిక్కీలు పట్టే గోదాము అయినా సరే, మొదటి సీజన్‌కు ఒక్క ఛాంబరుతోనే మొదలుపెట్టండి.

రెండో అడుగు: ఏ రకం ట్యాగ్?

ఆర్‌ఎఫ్‌ఐడీలో మూడు కుటుంబాలున్నాయి. 125–134 కిలోహెర్ట్జ్ వాటిని పశువుల గుర్తింపుకు, తలుపు తాళాలకు వాడతారు. చదివే దూరం కొన్ని సెంటీమీటర్లు. 13.56 మెగాహెర్ట్జ్ వాటిని మెట్రో కార్డుల్లో, లైబ్రరీ పుస్తకాల్లో వాడతారు. దూరం జానెడు, మహా అయితే మూరెడు. మూడోది యూహెచ్‌ఎఫ్, అంటే ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీది. బ్యాటరీ లేకుండానే కొన్ని మీటర్ల దూరం నుంచి చదవొచ్చు, ఒక సెకనులో పదుల కొద్దీ ట్యాగులు చదవొచ్చు. మనకు కావాల్సింది ఇదే.

యూహెచ్‌ఎఫ్ మీకు కొత్తేమీ కాదు. మీ కారు అద్దం మీదున్న ఫాస్టాగ్ ఇదే జాతి. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి టోల్ ప్లాజాల్లో తప్పనిసరి అయిన ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ లేదు. రీడర్ పంపే రేడియో తరంగం నుంచే శక్తి తీసుకుని, ఆ తరంగాన్నే తన నంబరుతో కలిపి వెనక్కి తిప్పి పంపుతుంది.

దీని ప్రమాణం పేరు ఈపీసీ జెన్2. బార్‌కోడ్ ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థకు చెందిన ఈపీసీగ్లోబల్ 2004లో ఆమోదించింది, 2006లో ఐఎస్‌ఓ 18000-6సీగా చేరింది, ఇప్పుడు ఐఎస్‌ఓ 18000-63 అంటారు. 2013లో వచ్చిన రెండో వెర్షన్‌లో ట్యాగ్ అసలుదో నకిలీదో తేల్చే భద్రత చేరింది. 2024లో మూడో వెర్షన్ వచ్చింది. కొటేషన్‌లో 18000-63 అని స్పష్టంగా ఉందో లేదో చూడండి. అలాగే రీడర్‌కు ఎల్‌ఎల్‌ఆర్‌పీ ఉండాలని పట్టుబట్టండి. అది రీడర్‌తో మాట్లాడే ఉమ్మడి భాష, 2007 నుంచి ఉంది. అది ఉంటే రేపు ఇంకో కంపెనీ రీడర్ పెట్టినా మీ సాఫ్ట్‌వేర్ మార్చే పని చాలావరకు తప్పుతుంది.

మూడో అడుగు: మన దేశపు బ్యాండు

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు, నేనూ పోగొట్టుకున్నాను. యూహెచ్‌ఎఫ్ ఆర్‌ఎఫ్‌ఐడీకి అమెరికాలో 902–928 మెగాహెర్ట్జ్ వాడతారు. మన దేశంలో 2005లో కేంద్రం 865–867 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదని నోటిఫై చేసింది, 2021లో దాన్ని 868 దాకా పెంచింది. ట్రాన్స్‌మిటర్ 1 వాటు, యాంటెన్నా నుంచి వెలువడేది 4 వాట్లు, ఒక్కో చానెల్ 200 కిలోహెర్ట్జ్. ఇవీ హద్దులు. లైసెన్సు అక్కర్లేదంటే పరికరానికి ఏ అనుమతీ అక్కర్లేదని కాదు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికరం రకానికి ఆమోదం) ధ్రువపత్రం ఆ మోడల్‌కు ఉండాలి. దాని కాపీ అడిగి తీసుకోండి.

ఒకసారి నేను తెప్పించిన సెన్సర్ గేట్‌వే (సెన్సర్ల కబుర్లు అందుకుని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె) 915 మెగాహెర్ట్జ్ హార్డ్‌వేర్ అని పెట్టె విప్పాకే తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లో దేశం మార్చినా లోపలి ఫిల్టర్ మారదు. మూడు వారాలు వృథా. ఆర్డరు మీద "865–867 మెగాహెర్ట్జ్, ఇండియా ప్లాన్" అని రాయించండి.

నాలుగో అడుగు: ట్యాగ్ ఎక్కడ కట్టాలి

లోహం రేడియో తరంగాన్ని వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. హమాలీ టిక్కీని వీపున వేసుకున్నప్పుడు ట్యాగ్ అతని వీపు వైపుంటే రీడర్‌కు కనిపించదు. ఇంకో సంగతి, హమాలీల చేతిలో ఇనుప కొక్కెం ఉంటుంది. సంచి పక్కన స్టిక్కర్ పెడితే కొక్కెం దిగి చిరుగుతుంది, పైగా గోనె మీద జిగురు నిలవదు.

నా అనుభవంలో పనికొచ్చినది ఒక్కటే. ట్యాగ్‌ను గుడ్డ లేబుల్ లోపల పెట్టించి, మూతి కుట్టేటప్పుడు ఆ కుట్టులోనే కలిపి, రెండంగుళాలు బయటికి జెండాలా వేలాడేలా వదలాలి. అప్పుడు అది మిర్చికి అంటుకోదు, మనిషి ఒంటికి అంటుకోదు, కొక్కెం సాధారణంగా అక్కడ పడదు. లేబుల్ మీద అదే నంబరు మామూలు అంకెల్లో కూడా అచ్చు వేయించండి. రీడర్ పాడైన రోజు గుమస్తా కళ్లతో చదువుకోవాలి.

నంబరు సంగతి. ట్యాగ్‌లో సాధారణంగా 96 బిట్ల జాగా ఉంటుంది. మీరు జీఎస్1 ఇండియా సభ్యులైతే 890తో మొదలయ్యే మీ ప్రిఫిక్స్‌తో ప్రమాణం ప్రకారం నంబర్లు రాసుకోవచ్చు. కాకపోతే సొంత పద్ధతి పెట్టుకోండి గానీ, జీఎస్1 నంబరులా కనిపించే హెడర్ (నంబరు మొదటి భాగం) మాత్రం వాడకండి. రేపు ఎగుమతిదారు దగ్గర వేరొకరి సరుకుతో తారుమారవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్యాగులన్నిటిలో ఒకే నంబరు ఉండటం కూడా చూశాను. అందుకే ప్రతి ట్యాగ్‌కూ కొత్త నంబరు రాసి, 32 బిట్ల యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేయండి. లాక్ చేయకపోతే చేతి రీడర్ ఉన్న ఎవరైనా దాన్ని మార్చేయగలరు. రైతు పేరు, ఫోను నంబరు ట్యాగ్‌లోకి ఎప్పుడూ ఎక్కించొద్దు. ట్యాగ్‌లో నంబరు, ఆఫీసు కంప్యూటర్‌లో బాండు వివరాలు, అంతే.

అయిదో అడుగు: గేటు రీడర్

ఛాంబరు గుమ్మానికి అటు రెండు, ఇటు రెండు యాంటెన్నాలు, ఒకటి మోకాలి ఎత్తులో, ఒకటి తల ఎత్తులో పెట్టండి. ట్యాగ్ ఏ వైపు తిరిగి ఉంటుందో చెప్పలేం కాబట్టి వృత్తాకార పోలరైజేషన్ ఉన్న (తరంగాన్ని గుండ్రంగా తిప్పుతూ పంపే) యాంటెన్నాలే తీసుకోండి. పవర్ పూర్తిగా పెంచితే మంచిదనుకోకండి. పెంచితే గుమ్మం పక్కన పేర్చిన టిక్కీలు కూడా లోపలికి వెళ్తున్నట్టు లెక్కకొస్తాయి. తగ్గిస్తూ వచ్చి, గుమ్మం మధ్యలోది మాత్రమే చదివే చోట ఆపండి.

రీడర్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సెట్టింగులు సులువవుతాయి. బడిలో హాజరు వేస్తున్నట్టు ఊహించుకోండి. పంతులుగారు పేర్లు తెలియక, "ఒక్కొక్కరు 0 నుంచి 15 లోపు ఒక అంకె మనసులో అనుకోండి, నేను చప్పట్లు కొట్టినప్పుడల్లా ఒకటి తగ్గించుకోండి, సున్నా వచ్చినవాళ్లు పలకండి" అన్నారు. ఒక్కరే పలికితే రాసుకుంటారు, ఇద్దరు ఒకేసారి పలికితే మళ్లీ. ఆ 16 అనే సంఖ్యను నిర్ణయించేది క్యూ విలువ, రెండును అన్నిసార్లు గుణించాలి. క్యూ 4 అయితే 16 అవకాశాలు. గుమ్మంలో ఒకేసారి మూడు నాలుగు టిక్కీలు దాటే చోట క్యూ 3 గానీ 4 గానీ చాలు. పెద్ద అట్టి (టిక్కీల దొంతర) ముందు నిలబడి చదవాలంటే పెంచాలి, లేదా రీడర్‌నే సర్దుకోనివ్వాలి.

సెషన్ అనేది ఇంకో సెట్టింగు. ఒకసారి పలికిన ట్యాగ్ ఎంతసేపు మౌనంగా ఉండాలో అది చెబుతుంది. ఎస్1లో ఆ మౌనం అర సెకను నుంచి 5 సెకన్లు. ఎస్2లో ట్యాగ్ రీడర్ పరిధి దాటాక కూడా కనీసం 2 సెకన్లు. గుమ్మానికి ఎస్1, లోపల అట్టీల లెక్కకు ఎస్2 వాడండి. అయినా ఒకే టిక్కీ పదిసార్లు నమోదవుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఒక నిమిషంలోపు వచ్చినవి ఒకటిగా కలపాలి. లోపలికా బయటికా అన్నది తేలడానికి గుమ్మానికి రెండు వైపులా ఇన్‌ఫ్రారెడ్ కన్ను పెట్టండి. ముందు ఏది తెగితే అటునుంచి వచ్చినట్టు.

లోడింగ్ దగ్గర లారీ వెనక్కి పెట్టగానే జాబితాలో తెలియని నంబరు కనిపిస్తే భయపడకండి. అది లారీ ఫాస్టాగ్. అదే ప్రమాణం, అదే బ్యాండు కాబట్టి మీ రీడర్ దాన్నీ చదువుతుంది. మీ నంబర్ల మొదటి అంకెలతో ఫిల్టర్ పెట్టి మిగతావి వదిలేయండి, దాచుకోవద్దు.

ఒక పరిమితి ముందే ఒప్పుకోవాలి. దట్టంగా పేర్చిన అట్టి మధ్యలో ఉన్న టిక్కీ బయటి నుంచి చదవబడదు. అది ఎక్కడుందో తెలియాలంటే పేర్చేటప్పుడే ఆ వరసకు కట్టిన ట్యాగ్‌ను, టిక్కీని కలిపి చేతి రీడర్‌తో నమోదు చేయాలి.

ఆరో అడుగు: సెన్సర్ల నెట్‌వర్క్ ఎంచుకోవడం

వైర్‌లెస్ సెన్సర్ల ప్రమాణాల్లో పాతది ఐఈఈఈ 802.15.4, 2003 నాటిది. జిగ్‌బీ, థ్రెడ్, వై-సన్ అన్నీ దాని మీద కట్టినవే. వీటిలో ఒక పరికరం ఇంకోదానికి అందిస్తూ గొలుసులా నడుస్తుంది, ఆ మధ్యలో అందించే పరికరాలు చాలావాటికి నిరంతరం కరెంటు కావాలి. వీధి దీపాలకు, స్మార్ట్ మీటర్లకు వై-సన్ బాగా నప్పుతుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్‌ ఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో దాన్ని నడిపి చూపిస్తున్నారు. ఎన్‌బీ-ఐఓటీ 2016లో మొబైల్ ప్రమాణాల్లోకి వచ్చింది, సెల్ టవర్ మీద ఆధారపడుతుంది. మందపాటి ఛాంబరు గోడల వెనక ఆ సిగ్నల్ మీద నేను భరోసా పెట్టుకోను.

బ్యాటరీతో నడిచి, పదిహేను నిమిషాలకోసారి నాలుగు బైట్లు పంపాల్సిన గోదాముకు నా ఎంపిక లోరావాన్, అంటే తక్కువ శక్తితో దూరానికి చిన్న కబుర్లు పంపే లోరా రేడియో నెట్‌వర్క్. 2015లో మొదటి వెర్షన్, 2021లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ దాన్ని వై.4480 సిఫార్సుగా తీసుకుంది. ఇండియా ప్లాన్‌లో మూడు మూల చానెళ్లు: 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్. నెట్‌వర్క్ సర్వర్‌గా చర్ప్‌స్టాక్ ఉచితంగా దొరుకుతుంది, ఆఫీసులోని చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. ఇంటర్నెట్ పోయినా లెక్క ఆగదు.

సెట్టింగుల్లో మూడు మరచిపోకండి. సెన్సర్ నెట్‌వర్క్‌లో చేరే పద్ధతి ఓటీఏఏ (తన తాళంతో గాల్లోనే అనుమతి అడిగి చేరడం) పెట్టండి. ప్రతి సెన్సర్‌కూ వేర్వేరు 128 బిట్ల తాళం ఉండాలి, అన్నిటికీ ఒకే తాళంతో వచ్చే సామాను వెనక్కి పంపండి. సెన్సర్లు కదలవు కాబట్టి ఏడీఆర్ ఆన్ చేయండి, అది సిగ్నల్‌ను బట్టి పంపే వేగాన్ని (ఎస్‌ఎఫ్ అంకె; అంకె పెరిగితే వేగం తగ్గుతుంది) తనే సర్దుతుంది. దీనివల్ల ఎంత తేడానో చూడండి. 10 బైట్ల కబురు ఎస్‌ఎఫ్7లో గాల్లో ఉండేది సుమారు 62 మిల్లీసెకన్లు, ఎస్‌ఎఫ్12లో దాదాపు ఒకటిన్నర సెకను. ఇరవై నాలుగు రెట్లు. బ్యాటరీ ఖర్చు కూడా ఇంచుమించు అలాగే పెరుగుతుంది. ఉష్ణోగ్రతను అక్షరాలుగా పంపొద్దు, 6.35 డిగ్రీలను 635 అనే రెండు బైట్ల అంకెగా పంపండి.

బ్యాటరీ విషయంలో, మామూలు ఆల్కలైన్ సెల్స్ చలిలో త్వరగా నీరసిస్తాయి. 3.6 వోల్టుల లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్ వాడండి. ఏడాదిపాటు షెల్ఫులో ఉన్న ఈ సెల్ లోపల పొర కడుతుంది, మొదట వోల్టేజీ తక్కువ చూపిస్తుంది. కొత్తగా వేశాక నాలుగైదు కబుర్లు వెళ్లనివ్వండి, అప్పుడే చెడిపోయిందని తీసేయకండి. ఈ సెల్‌ను చార్జ్ చేయడానికి ఎప్పుడూ ప్రయత్నించొద్దు.

చల్లబరిచే యంత్రాల్లోని అమ్మోనియా వాయువు లీకు సెన్సర్ గురించి ఒక మాట, ఇందులో రాజీ లేదు. అది మనుషుల ప్రాణాలకు సంబంధించినది. దానికి తీగలతో నేరుగా సైరన్‌కు కలిపిన డిటెక్టరే ఉండాలి. వైర్‌లెస్ కబురు అదనంగా ఉంటే ఉండనివ్వండి.

ఏడో అడుగు: సెన్సర్లు సరిగా చెబుతున్నాయా?

బిగించకముందే పరీక్షించండి. థర్మాస్ ఫ్లాస్కులో ఐసును మెత్తగా దంచి నింపి, ఖాళీలు నిండేదాకా కొద్దిగా చల్లనీళ్లు పోసి కలపండి. పది నిమిషాలాగి సెన్సర్ మొన ముంచితే 0 డిగ్రీలు చూపాలి. అర డిగ్రీ తేడా ఉంటే ఆ సెన్సర్ నంబరు పక్కన ఆ తేడా రాసి, సాఫ్ట్‌వేర్‌లో సర్దండి. తేమకు వంటింటి ఉప్పు చాలు. చిన్న గిన్నెలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు వేయండి. దాన్నీ సెన్సర్‌నూ గాలి చొరని డబ్బాలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి రాత్రంతా వదలండి. 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి.

ఒక ఛాంబరుకు కనీసం మూడు: తలుపు దగ్గర, పై అంతస్తు కప్పు కింద, అట్టి మధ్య నడవలో. చల్లగాలి ఫ్యాను ఎదురుగా పెడితే అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది, సరుకు మాత్రం వేడెక్కుతుంది.

ఎనిమిదో అడుగు: రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఒక గోదాములో సెన్సర్ లెక్కలు పదే పదే మాయమయ్యేవి. రాత్రంతా బాగుండేవి. ఉదయం తొమ్మిది దాటితే ఖాళీ, మధ్యాహ్నం భోజనాల వేళ మళ్లీ వచ్చేవి, ఆ తర్వాత సాయంత్రం దాకా ఖాళీ. బ్యాటరీలు మార్చాం, గేట్‌వే మార్చాం. ఆదివారం ఒక్క కబురు కూడా మాయం కాలేదని ఒక గుమస్తా గమనించి చెప్పాడు. ఆదివారం లోడింగ్ ఉండదు. అప్పుడు అర్థమైంది. లోరా గేట్‌వేను గేటు రీడర్‌కు నాలుగు మీటర్ల దూరంలో, అదే గోడకు బిగించాం. ఒకటి 4 వాట్లతో అరుస్తుంటే, అదే బ్యాండులో ఇంకోటి సెన్సర్ల గుసగుస వినాలి. వినలేకపోయింది.

కాబట్టి గేట్‌వే యాంటెన్నాను రీడర్‌కు దూరంగా, వీలైతే భవనం రెండో వైపు పైకప్పు మీద పెట్టండి. రీడర్ చానెళ్లను 866.3, 866.9 మెగాహెర్ట్జ్ వైపు జరపండి, లోరా మూల చానెళ్లు కింద ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ కన్ను తెగినప్పుడే రీడర్ తరంగాలు పంపేలా పెట్టండి, రోజంతా పంపుతూ ఉండనివ్వొద్దు. ఛాంబరు గోడలు రేకు ప్యానెళ్లయితే సిగ్నల్ లోపలే చిక్కుకుంటుంది, అప్పుడు ఒక యాంటెన్నాను కేబుల్‌తో లోపలికి తీసుకెళ్లాలి, కేబుల్ దూరిన రంధ్రాన్ని ఫోమ్‌తో మూసేయాలి. బిగించాక లోడింగ్ జోరుగా ఉన్న రోజే సెన్సర్ కబుర్లు లెక్కపెట్టండి. పదిహేను నిమిషాలకోసారి అంటే రోజుకు ఒక్కో సెన్సర్ నుంచి 96 రావాలి.

తొమ్మిదో అడుగు: లెక్కలు కలపడం, ఒప్పగించుకోవడం

ఏ టిక్కీ, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు కదిలింది అని రాసుకునే ఉమ్మడి పద్ధతికి ఈపీసీఐఎస్ అని పేరు. 2022లో వచ్చిన 2.0 వెర్షన్‌లో సెన్సర్ కొలతలు కూడా అదే నమోదులో చేర్చే వీలు కల్పించారు. మీ సాఫ్ట్‌వేర్ ఆ రూపంలో డేటా ఇవ్వగలిగితే, రేపు ఎగుమతిదారు "ఈ లాటు ఆరు నెలలు ఎంత చల్లదనంలో ఉంది" అని అడిగితే ఫైలు పంపేయొచ్చు. రానున్న రోజుల్లో ఈ రెండు రంగాలు ఇంకా దగ్గరవుతాయి. బ్యాటరీ లేకుండానే ఉష్ణోగ్రత చెప్పే యూహెచ్‌ఎఫ్ ట్యాగులు ఇప్పటికే దొరుకుతున్నాయి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూడా బ్యాటరీ లేని ట్యాగుల పని చేపట్టింది. వాటి కోసం ఈ సీజన్ ఆగకండి. ప్రమాణాల ప్రకారం పెట్టుకున్నది రేపు వాటితో కలుస్తుంది.

డబ్బు పూర్తిగా ఇవ్వకముందు ఒప్పగింత పరీక్ష చేయించండి. 100 టిక్కీలు, హమాలీలు రోజూ మోసే తీరులోనే, పదిసార్లు గుమ్మం దాటించండి. వెయ్యిలో ఎన్ని తప్పాయో రాయండి. నాలుగు టిక్కీల లేబుళ్లను తడిపి కూడా చూడండి. హమాలీలను ఈ పరీక్షలో మొదటి నుంచీ కలుపుకోండి, లేబుల్ ఎటు వేలాడితే చేతికి అడ్డం రాదో వాళ్లే చెబుతారు. చివరిగా మెయిన్ స్విచ్ ఆపి, యూపీఎస్ మీద గేట్‌వే ఎంతసేపు నిలుస్తుందో, ఫోనుకు హెచ్చరిక వచ్చిందో లేదో చూడండి.

సీజన్ నడుస్తున్నంతకాలం వారానికోసారి బ్యాటరీ వోల్టేజీల జాబితా తీసి గోడకు అంటించండి. ఛాంబరు ఖాళీ అయ్యాక లేబుళ్లు కోసి వెనక్కి తీసుకుని, పాడవని ట్యాగులను పాత బాండు నుంచి విడదీసి, ఒక డబ్బాలో వేయండి. సెన్సర్లన్నీ దించి, తుడిచి, మళ్లీ ఐసు ఫ్లాస్కులో ముంచి చూడండి. కిందటిసారి రాసిన తేడా పక్కనే ఈసారి తేడా, తేదీ రాసి పెట్టండి.